మండపం పక్కన తెర: చవితి రాత్రుల్లో కాలనీకి సినిమా చూపించే పద్ధతి

వినాయక చవితికో శ్రీరామనవమికో పందిరి దగ్గర సినిమా వేయడం తెలుగు ఊళ్ళకు కొత్త సంగతి కాదు. రెండు గుంజల నడుమ తెల్లగుడ్డ కట్టి, 16 ఎం.ఎం. ప్రొజెక్టరు మీద రీళ్ళు మార్చుకుంటూ బొమ్మ ఆడించిన రోజుల్లో, తెర ముందు చోటు దొరకనివాళ్ళు తెర వెనక కూర్చుని చూసేవారు. వాళ్ళకు పేర్లన్నీ తిరగబడి కనిపించేవి, కథానాయకుడు ఎడమచేత్తో కత్తి తిప్పేవాడు. తరువాత అద్దె టీవీ, వీడియో క్యాసెట్లు ఆడించే వీసీపీ తెచ్చి తెల్లవార్లూ వరసగా మూడు సినిమాలు వేసే కాలం వచ్చింది. ఇప్పుడు చిన్న డిజిటల్ ప్రొజెక్టర్లు అందుబాటులోకి రావడంతో హైదరాబాదు కాలనీల్లో, అపార్టుమెంట్లలో ఆ ముచ్చట మళ్ళీ మొదలైంది. అయితే పల్లె పందిరికి లేని చిక్కులు నగరంలో ఉన్నాయి. పక్కింటి గోడ ఆరడుగుల దూరంలో ఉంటుంది, వీధిదీపం సరిగ్గా తెర మీదే పడుతుంది, నాలుగో అంతస్తులో ఎవరో మర్నాడు పరీక్షకు చదువుకుంటూ ఉంటారు.

మా కాలనీ ఉత్సవ కమిటీ కొన్నేళ్ళుగా ఈ పని నాకు అప్పగిస్తోంది. మొదటి సమావేశంలోనే అందరూ ‘ఏ సినిమా వేద్దాం?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన ఏడాది పని చెడింది. రాత్రి పది గంటలకు శబ్దం ఆగిపోవాలన్న మాటను ముందు పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చిన ప్రతి ఏడాదీ పని సజావుగా సాగింది. కాబట్టి ఈ వివరణ కూడా పది గంటల దగ్గరే మొదలవుతుంది.

పదింటి నుంచి వెనక్కి

2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు, సౌండ్ బాక్సులు వాడకూడదు. పండుగల వంటి సందర్భాల్లో రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు గాని, ఆ ఉత్తర్వు మీ రాత్రికి వర్తిస్తుందన్న నమ్మకంతో కార్యక్రమం వేసుకోవద్దు. ఆసుపత్రి, బడి, న్యాయస్థానం చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండవచ్చు కనుక, మీ మండపం అటువంటి చోట ఉంటే సినిమాను కమ్యూనిటీ హాలు లోపలికి మార్చుకోవడమే మేలు.

ఇక లెక్కకు వద్దాం. సెప్టెంబరు నడిమిలో హైదరాబాదులో సూర్యాస్తమయం సుమారు 6:20కి అవుతుంది, తెర మీద బొమ్మ స్పష్టంగా నిలవడానికి మరో అరగంట చీకటి పడాలి. సాయంత్రం పూజ, హారతి, మంత్రపుష్పం, తీర్థప్రసాదాలు ముగిసేసరికి ఎంత త్వరపడినా 7:15 దాటుతుంది. 7:30కి బొమ్మ వేసి 9:50కి ఆపగలిగితే చేతిలో ఉండేది రెండు గంటల ఇరవై నిమిషాలు. అందులో పావుగంట ఇంటర్వెల్‌కు పోతే, సినిమా నిడివి రెండు గంటల ఐదు నిమిషాలకు మించకూడదన్నమాట. 1957లో వచ్చిన మాయాబజార్ నిడివి 184 నిమిషాలు. మొదలుపెట్టిన రాత్రే దాన్ని ముగించాలనుకుంటే పోలీసు జీపు మండపం ముందు ఆగడం ఖాయం. అటువంటి సినిమాను సగం శుక్రవారం, సగం శనివారం వేయండి. రెండో రోజు జనం తగ్గుతారని మా కమిటీలో కొందరు భయపడ్డారు కాని, ‘మిగతాది రేపు’ అన్న మాట విన్న పిల్లలు మర్నాడు ఆరింటికే వచ్చి జంపఖానాలు పరిచారు.

ఏ రాత్రి వేయాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. చవితి నాడు ఇళ్ళలో పూజలు, శమంతకోపాఖ్యానం చదువుకోవడం, పిండివంటలు ఉంటాయి కనుక ఆ రాత్రి ఎవరికీ తీరిక ఉండదు. నిమజ్జనానికి ముందు రెండు రోజులు లడ్డూ వేలం, లారీ, క్రేను వ్యవహారాలతో కమిటీవాళ్ళకు ఊపిరాడదు. 2026లో చవితి సెప్టెంబరు 14, సోమవారం. అనంత చతుర్దశి 25, శుక్రవారం. వీటి నడుమ పడే 19వ తేదీ శనివారం అన్నిటికన్నా అనువైన రాత్రి. మీ మండపం మూడో రోజో ఐదో రోజో నిమజ్జనం చేసేదైతే అటువంటి వెసులుబాటు ఉండదు. అప్పుడు రెండో రాత్రికే సిద్ధపడాలి, వానపడితే మరో రాత్రి దొరకదని ముందే మనసుకు చెప్పుకోవాలి.

ఏ సినిమా, ఎవరి అనుమతి

నిడివి తేలాక సినిమాను ఎంచుకోవచ్చు. కాలనీ అంతా చూసే తెర కనుక అన్ని వయసులవారూ చూడదగినదని తెలిపే ‘యు’ సర్టిఫికెట్ ఉన్న సినిమాకే కట్టుబడితే వాదాలు తగ్గుతాయి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక ‘యు/ఏ’ను 7, 13, 16 ఏళ్ళ వయసుల వారీగా మూడు తరగతులు చేశారు, ఆ అంకె చూడకుండా ‘యు/ఏ అంటే ఫరవాలేదు’ అనుకోవద్దు. నేటి అగ్ర కథానాయకుల సినిమాలు మాత్రం నా సలహా అయితే వద్దు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి రోజు మొదటి ఆటకు కటౌట్లకు పాలాభిషేకాలు, తెర ముందు చింపిన కాగితాల జల్లు ఎంతో ముచ్చటగా ఉంటాయి, కాని ఒక హీరో బొమ్మ వేసిన కాలనీలో మరో హీరో అభిమానులు వచ్చే ఏడు చందా అడిగేటప్పుడు లెక్క తేలుస్తారు. ఈ తగాదాలు పుట్టక ముందటి సినిమా గాని, పిల్లల సినిమా గాని అయితే గొడవ ఉండదు. మూడు పేర్లు కమిటీయే ఎంచి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఓటుకు పెట్టండి, పేర్లు సూచించమని అడిగితే మాత్రం ముప్పై పేర్లు వస్తాయి. తెలుగు రాని ఇరుగుపొరుగువారు నగరంలో ప్రతి కాలనీలోనూ ఉంటారు, అందుచేత హిందీలోనో ఆంగ్లంలోనో సబ్‌టైటిళ్ళు ఉన్న ప్రతి దొరికితే దానికే మొగ్గు చూపండి.

‘టికెట్టు పెట్టడం లేదు కదా, దేవుడి పని కదా, హక్కుల గొడవ మనకెందుకు’ అన్న మాట ప్రతి కమిటీలోనూ వినిపిస్తుంది, అది సరి కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం మతపరమైన క్రతువుల సందర్భంగా పాటలకు, సంగీతానికి, వాటి రికార్డింగులకు మినహాయింపు ఇచ్చింది గాని, సినిమా ప్రదర్శనను అందులో చేర్చలేదు. ఇంట్లో చూడటానికి కట్టిన ఓటీటీ చందా కూడా వందమందికి చూపించే హక్కు ఇవ్వదు. సినిమా మీది హక్కు, విడుదలైన ఏడాది తరువాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు ఉంటుంది. కనుక 1965లోను, అంతకు ముందు విడుదలైన సినిమాల గడువు 2025 చివరితో తీరిపోయింది. అంతమాత్రాన పూర్తిగా నిశ్చింతగా ఉండలేము. పాటల సాహిత్యానికి, సంగీతానికి, కథకు హక్కులు వేరు, అవి రచయిత మరణించాక మరో 60 ఏళ్ళు నిలుస్తాయి. పాత సినిమాకు తరువాత రంగులద్దిన ప్రతిని వేరుగానే చూడాలి. మాయాబజార్ రంగుల రూపం 2010లో విడుదలైంది, 1957 నాటి లెక్క దానికి పెట్టకూడదు.

అందుకని పాతదైనా కొత్తదైనా హక్కుదారుకు రెండు నెలల ముందే ఉత్తరం వ్రాయడం మంచిది. సినిమా మొదట్లో వేసే పేర్లలో నిర్మాణ సంస్థ ఎవరో కనిపిస్తుంది. చిరునామా దొరకకపోతే ఫిల్మ్‌నగర్‌లోని తెలుగు ఫిల్మ్ చాంబర్ ఆఫ్ కామర్స్‌లో వాకబు చేయండి. తేదీ, స్థలం, సుమారు ఎంతమంది చూస్తారు, టికెట్టు లేదు, ప్రకటనలు లేవు అన్న ఐదు సంగతులు ఒక్క పేజీలో వ్రాసి, వ్రాతపూర్వకమైన సమ్మతి కోరండి. రియల్ ఎస్టేటు వాళ్ళ బ్యానరు తెర పక్కన కట్టే ఆలోచన ఉంటే అది దాచకూడదు, దానితో మీ ప్రదర్శన వాణిజ్య స్వభావం సంతరించుకుంటుంది. పోలీసులకు మండపం వివరాలు సమర్పించేటప్పుడే సినిమా వేసే రాత్రి, వేళ, సౌండ్ బాక్సుల సంఖ్య కూడా తెలియజేసి, ఇంకేదైనా అనుమతి కావాలేమో స్టేషనులో అడిగి తెలుసుకోండి. ఆ పత్రాల నకళ్ళు ప్రదర్శన జరిగే రాత్రి కమిటీవారి జేబులో ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు.

తెర ఎక్కడ కట్టాలి

నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం వెచ్చించేది దీనికే. మొట్టమొదటి చిక్కు వినాయకుడిదే. తెరను విగ్రహానికి ఎదురుగా కడితే జనమంతా స్వామికి వీపు పెట్టి కూర్చోవలసి వస్తుంది, పెద్దవాళ్ళు దానికి ఒప్పుకోరు. విగ్రహం పక్కనే కడితే మండపం దీపాల వెలుగులో బొమ్మ వెలవెలపోతుంది. స్వామి కూడా సినిమా చూడాలని, తెర ఎదురుగా ఉండటమే న్యాయమని మా కాలనీలో ఒక పెద్దమనిషి ఏటా వాదిస్తారు. వాదన ముచ్చటైనదే గాని వీపుల సమస్య మాత్రం తీరదు. మండపానికి కుడివైపునో ఎడమవైపునో, విగ్రహం చూపుకు అడ్డు రాకుండా, దాని ముందున్న ఖాళీ స్థలం వైపు తిరిగి ఉండేలా తెర కట్టండి. జనానికి ఒక భుజం వైపు స్వామి, ఎదురుగా తెర ఉంటాయి. హారతి వేళ తల తిప్పితే చాలు. అఖండ దీపానికి, కర్పూరం వెలిగించే చోటుకు తెరగుడ్డ కనీసం పదడుగుల దూరంలో ఉండాలి, సినిమా సాగుతున్నంతసేపు దీపం దగ్గర ఒక మనిషి కూర్చోవాలి.

పదడుగుల వెడల్పు తెర ఒక మోస్తరు కాలనీకి సరిపోతుంది. నేటి డిజిటల్ ప్రొజెక్టర్ల 16:9 కొలతకు దాని ఎత్తు ఐదున్నర అడుగుల పైచిలుకు ఉంటుంది. పాత సినిమాల బొమ్మ చదరానికి దగ్గరగా ఉంటుంది కనుక అదే తెర మీద దాదాపు ఏడున్నర అడుగుల వెడల్పే వచ్చి, రెండు పక్కలా నల్లటి పట్టీలు మిగులుతాయి. మీరు వేసేవన్నీ పాతవే అయితే ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు తెర కుట్టించుకోండి. గుడ్డ మందంగా, అతుకు లేకుండా ఉండాలి. వెనక నల్లగుడ్డ జోడించకపోతే వెలుగు కొంత అవతలికి జారిపోతుంది, అవతలి వీధివాళ్ళు మాత్రం పూర్వంలాగే ఎడమచేతి వీరుణ్ణి చూస్తారు. తెర అడుగు అంచు నేల నుంచి నాలుగడుగుల ఎత్తున ఉంటే వెనక వరుసవాళ్ళకు ముందువాళ్ళ తలలు అడ్డురావు. భాద్రపదంలో గాలి ఎప్పుడు లేస్తుందో చెప్పలేము కాబట్టి, గుడ్డను గుంజలకు బిగుతుగా తాళ్ళతో కాక సైకిలు ట్యూబు ముక్కలతో కట్టండి. గాలి వచ్చినప్పుడు అవి సాగి ఊరుకుంటాయి, గుంజలు కూలవు.

గుంజలు పాతేముందు తల పైకెత్తి చూడండి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తీగ తగిలి ఐదుగురు మరణించారు. ఇనుప గొట్టాలైనా తడిసిన వెదుళ్ళైనా, తీగలు వెళ్ళే చోట నిలబెట్టవద్దు.

ప్రొజెక్టరు అద్దెకు తీసుకునేటప్పుడు రెండు అంకెలు అడగాలి. మొదటిది వెలుగు: పదడుగుల తెరకు 3000 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లకు (ప్రొజెక్టరు వెలుగును కొలిచే ప్రమాణం) తగ్గకూడదు. చవకరకం పెట్టెల మీద అచ్చువేసే పెద్ద పెద్ద అంకెలను నమ్మకుండా, రాత్రిపూట మీ స్థలంలోనే ఒకసారి వేయించి చూడండి. రెండోది త్రో రేషియో, అంటే బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టరు ఉండాలో చెప్పే అంకె: అది 1.5 అయితే, పదడుగుల బొమ్మకు పదిహేను అడుగుల దూరంలో ప్రొజెక్టరు పెట్టాలి. అంటే అది జనం నడుమకే వస్తుంది. బల్ల మీద, తెర అడుగు అంచుకు సమమైన ఎత్తులో, తెరకు సూటిగా పెట్టి, చుట్టూ నాలుగు కుర్చీలు వెనక్కి తిప్పి దడి కట్టండి. లేకపోతే కిరణం దారిలో పిల్లలు చేతులు పెట్టి కుక్కలు, కుందేళ్ళు ఆడిస్తారు. సినిమాకు ముందు ఐదు నిమిషాలు ఆ ఆటకే వదిలేయడం ఇంకా మంచి పద్ధతి.

కరెంటు, శబ్దం, వాన

స్తంభానికి కొక్కెం వేసి కరెంటు తీసే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది, ఆ మాట ఎత్తిన వాళ్ళను కమిటీ నుంచి తప్పించండి. విద్యుత్ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షను తీసుకుని, మండపం సీరియల్ లైట్లకు ఒక లైను, ప్రొజెక్టరుకు, సౌండుకు వేరొక లైను వేయించి, రెండింటికీ షాకు కొట్టకుండా కాపాడే ఆర్సీసీబీ పెట్టించండి. ఈ పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి. కరెంటు పోతే జనరేటరు అందుకునే లోపల ప్రొజెక్టరు ఆరిపోకుండా చిన్న యూపీఎస్ ఒకటి కావాలి. వేడెక్కిన దీపం చల్లారకుండానే ఫ్యాను ఆగిపోతే అద్దెకిచ్చినవాడు బల్బు ఖరీదు వసూలు చేస్తాడు.

మొదటి ఏడు మేము లాప్‌టాప్ నుంచి సౌండ్ బాక్సులకు బ్లూటూత్ కలిపాము. పెదవులు కదిలిన అర సెకను తరువాత మాట వినిపించడంతో, కన్నీళ్ళు పెట్టుకోవలసిన సన్నివేశానికి కాలనీ అంతా పగలబడి నవ్వింది. వైరుతోనే కలపండి. రెండు పెద్ద బాక్సులను గట్టిగా మోగించే బదులు, తెరకు ఇరువైపులా రెండు, జనం నడుమ మరో రెండు చిన్నవి పెట్టి తక్కువ శబ్దంతో నడిపితే మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, పక్కిళ్ళ కిటికీలు అదరవు. బహిరంగ స్థలంలో మైకు వాడినప్పుడు ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం, ఆ ప్రాంతానికి నిర్ణయించిన ప్రమాణం కంటే 10 డెసిబెళ్ళకు మించి ఉండకూడదు. నివాస ప్రాంతంలో పగటి ప్రమాణం 55 కాబట్టి 65 దగ్గర ఆగాలి. నిబంధనల లెక్కలో పగలంటే రాత్రి 10 వరకు అని గుర్తుంచుకోండి. ఫోనులోని డెసిబెల్ యాప్ చూపేది ఉజ్జాయింపు అంకే అయినా, దాన్ని పట్టుకుని అన్నిటికన్నా దగ్గరి ఇంటి గుమ్మం దాకా నడిచి చూసిన కమిటీకి, ఆ ఇంటివారి నుంచి ఫిర్యాదు రావడం అరుదు.

సినిమా ఫైలు లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి ఉండాలి. నెట్టు మీద ఆధారపడవద్దు. లాప్‌టాప్‌లో వాట్సాప్ మూసేయండి, లేకపోతే ఎవరి ఇంటి పాలబాకీ సంగతో పదడుగుల తెర మీద అందరూ చదువుతారు.

వానకు మందు లేదు, ఏర్పాటు మాత్రమే ఉంది. ప్రొజెక్టరు బల్ల మీద నాలుగు గుంజల చిన్న పందిరి వేసి, పక్కలు తెరిచి ఉంచండి. నడుస్తున్న యంత్రం మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే వేడికి పాడవుతుంది. చినుకు పడగానే మొదట కరెంటు మెయిన్ స్విచ్ ఆపాలి, తరువాతే మిగతావి సర్దాలి. సెల్లారులో కార్లు తీయించి ఉంచుకోగలిగితే ఇరవై నిమిషాల్లో ఆట అక్కడికి మారుతుంది.

ఆ సాయంత్రం

తెరకు దగ్గరగా జంపఖానాల మీద పిల్లలు, వెనక కుర్చీలు, నడవ పక్కన ముసలివాళ్ళు కూర్చునేలా ముందే సర్దండి. రెండు నడవలు ఖాళీగా ఉండాలి. దారికి అడ్డంగా వెళ్ళే వైర్ల మీద గోనెపట్టా వేసి టేపు అంటించండి. కమ్యూనిటీ హాలు మరుగుదొడ్ల తాళం ఎవరి దగ్గర ఉందో ఆరింటికే కనుక్కోండి, ఇది ఏటా మరిచిపోయే సంగతి. వీధిదీపం ఇబ్బందిగా ఉంటే ముందు రోజే వీధిదీపాలు చూసుకునే సిబ్బందితో మాట్లాడండి, మీరు స్తంభం ఎక్కవద్దు.

చందాదారుల పేర్లు చదవడం తప్పదు, కాని అది సినిమాకు ముందు మూడు నిమిషాల్లో ముగియాలి. ఇంటర్వెల్‌లో మైకు ఎవరికీ ఇవ్వవద్దు, ఇస్తే పావుగంట కాస్తా ముప్పావుగంట అవుతుంది. పులిహోర, గుగ్గిళ్ళు దొన్నెల్లో ముందే పెట్టి ఉంచితే పదిహేను నిమిషాల్లో పంచవచ్చు. ఈలలు, చప్పట్లు ఉండాల్సిందే, అవి లేకపోతే ఇంట్లో టీవీ ముందు కూర్చోవచ్చు. కాగితాలు చింపి విసరాలని కుర్రవాళ్ళు ఉబలాటపడితే సరేననండి, చేతికి చీపురు, గోనెసంచి కూడా ఇవ్వండి.

9:50కి బొమ్మ ఆగాక శబ్దం పెట్టె కట్టేసి, ప్రొజెక్టరు ఫ్యాను ఆగేదాకా కదపకుండా ఉంచండి. తెరగుడ్డను ఆ రాత్రే విప్పి, మంచుకు, వానకు తడిసి ఉంటే మర్నాడు ఎవరి డాబా మీదైనా ఆరేయండి. ఆరాక మాత్రం మడత పెట్టవద్దు, పీవీసీ గొట్టానికి చుట్టి భద్రపరచండి. మడత పెట్టిన తెర మీద వచ్చే ఏడు ఎంత పెద్ద కథానాయిక వచ్చి నిలబడినా, ముక్కు మీదుగా ఒక గీత పడుతుంది.